వాపసు పుస్తకానికి వాసన పరీక్ష

ఆ బడి గ్రంథాలయంలో పుస్తకం పుచ్చుకోవడం చిటికెలో పని. తిరిగి ఇవ్వడమే గండం. వాపసు వచ్చిన ప్రతి పుస్తకాన్నీ గ్రంథాలయం మాస్టారు ముందు వాసన చూసేవారు. చూసి, దాన్ని ఎక్కడ చదివారో, ఎలా చదివారో, అసలు చదివారో లేదో నలుగురి ముందూ తీర్పు చెప్పేవారు. అందుకే ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. బడి మొత్తానికి ఆయన ముక్కు మాస్టారు.

పేరుకు తగ్గ ముక్కే. ముందు ముక్కు తరగతిలోకి వచ్చేది, కాసేపటికి మాస్టారు వచ్చేవారు. వాన కురిస్తే ఆయన గొడుగు ముక్కుకి సరిపోయేది, మిగతా మనిషి తడిసేవాడు. పుస్తకం చేతికి రాగానే కళ్ళజోడు కిందికి జార్చి, పుస్తకాన్ని సరిగ్గా మధ్యకి తెరిచి, ఆ ముక్కుని అందులో గుర్తు కాగితంలా పెట్టేసేవారు. పుస్తకం పైన రెండు కళ్ళు మాత్రం కనబడేవి, నీళ్ళలోంచి తొంగి చూసే కప్ప కళ్ళలాగా. అలా నిండా ఒక నిమిషం. ఆ నిమిషంలో బల్లకి ఇవతల నిలబడ్డ పిల్లలకి చెమటలు పట్టేవి.

"ఊఁ..." అని తలెత్తేవారు. "ఒరేయ్, దీన్ని మంచం కింద దూరి చదివావు. టార్చిలైటు పెట్టుకుని. అవునా, కాదా?"

"అవును సార్."

"మంచం మీద ఎవరు పడుకున్నారు?"

"మా తాతయ్య సార్."

"ఆయన గురక కూడా అంటింది దీనికి. పో, రెండో భాగం తీసుకో."

ఒకసారి డ్రిల్లు మాస్టారు ఆరోగ్య సూత్రాల పుస్తకం తీసుకెళ్ళి, వారానికి తిరిగి తెచ్చారు. ముక్కు మాస్టారు దాన్ని వాసన చూసి బల్ల మీద పెట్టేశారు.

"మీరు దీన్ని చదవలేదు. దీని మీద పడుకున్నారు."

"ఎలా చెప్పగలవయ్యా?"

"పద్దెనిమిదో పేజీ దగ్గర ఇంకా వెచ్చగా ఉంది."

డ్రిల్లు మాస్టారు ఆ తర్వాత ఆరు నెలలు గ్రంథాలయం వరండాలోంచి కాకుండా ఆటస్థలం చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

బడి నడిపే కరస్పాండెంటు గారినీ ముక్కు వదల్లేదు. వార్షికోత్సవం నాడు వేదిక మీద అందరూ చూస్తుండగా ఆయన ఒక లావుపాటి పుస్తకం తీసుకున్నారు, ఫొటో కోసం. పదకొండు నెలల తర్వాత అటెండరు చేత తిప్పి పంపారు. పుస్తకం వెంట ఆయన కూడా ఏదో పని మీద అటు రావడం ఆయన దురదృష్టం. ముక్కు మాస్టారు పుస్తకంలోంచి పైకి చూసి, "సార్, ఇది మీ కారు వెనక సీటు దాటలేదు" అన్నారు. పిల్లలు నవ్వలేదు, ఎందుకంటే నోట్లో జేబురుమాళ్ళు కుక్కుకున్నారు.

కరస్పాండెంటు గారికి అది గుర్తుండిపోయింది. అందుకోసమే ఆయన ట్యాబ్లెట్లు తెప్పించారని అనలేం. కానీ ట్యాబ్లెట్లు పెట్టడానికి బడిలో ఇరవై రెండు గదులుండగా ఆయన కళ్ళు గ్రంథాలయం మీదే ఎందుకు పడ్డాయంటే ఎవరూ జవాబు చెప్పలేరు.

ఆ పని కంప్యూటర్ టీచర్ చేతిలో పడింది. బడిలో చేరి ఏడాది కాలేదు. చురుకైన పిల్ల, ఏ మాటకైనా లెక్క చూపిస్తేగాని ఒప్పుకోదు. తన చిన్నప్పుడు ఆమె చదివిన బడిలో గ్రంథాలయం అంటే తాళం వేసిన ఒక అద్దాల బీరువా. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే ఆమె బాల్యం సరిపోయింది. అందుకే అరచేతిలో పట్టే పలకలో పదివేల పుస్తకాలంటే ఆమెకు నిజంగానే ఒళ్ళు పులకరించింది. తాళం లేదు, బీరువా లేదు, ఎవరి ముక్కూ లేదు.

"ముప్ఫై రోజులు," అన్నారు కరస్పాండెంటు గారు. "గ్రంథాలయంలోనే నలభై ట్యాబ్లెట్లు పెట్టండి. రోజుకి ఎంతమంది పుస్తకాలు తీసుకుంటున్నారో మీరే కూర్చుని లెక్క రాయండి. నలభై మందికి తగ్గితే పుస్తకాలన్నీ స్టోర్ రూములోకి. గది ట్యాబ్లెట్లకి."

"తప్పకుండా సార్. లెక్క పక్కాగా ఉంటుంది."

ఛార్జింగు బీరువా వచ్చింది. దాన్ని పెట్టడానికి వేరే చోటు లేక ముక్కు మాస్టారి కుర్చీ వెనకే పెట్టారు. ఆయన ఒక ట్యాబ్లెట్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, అలవాటు చొప్పున ముక్కుకి ఆనించారు. నిమిషం గడిచింది.

"ఏమంటోంది సార్?" అంది కంప్యూటర్ టీచర్, నవ్వాపుకుంటూ.

"ఏమీ అనడం లేదమ్మాయ్. అదే భయంగా ఉంది."

"ఇందులో పదివేల పుస్తకాలున్నాయి సార్."

"ఉండనీ. పదివేల మంది ఉన్న ఇంటికెళ్ళినా తలుపు తీసేవాడు ఒకడుండాలి కదా." ట్యాబ్లెట్ని జాగ్రత్తగా బీరువాలో పెట్టేశారు. "నువ్వు లెక్క రాసుకో. నా లెక్క నేను చూసుకుంటాను. ఈ గదిలోంచి నేనైతే కదలను. కుర్చీతో సహా మోసుకెళ్ళాలి నన్ను."

ఆమె మూల బల్ల దగ్గర నోటుబుక్కు తెరిచింది. మొదటి రోజు ఇరవై ఆరు. రెండో రోజు ముప్ఫై మూడు. మూడో రోజు ఇరవై తొమ్మిది. ముక్కు మాస్టారు ఆ అంకెల వంక కన్నెత్తయినా చూడలేదు. వచ్చిన పుస్తకాన్నల్లా వాసన చూస్తూ, రాని పుస్తకాల కోసం తరగతులకు వెళ్ళి తలుపు దగ్గర నిలబడి గాలి పీలుస్తూ, "ఈ గదిలో ఎవడి సంచీలోనో నా పుస్తకం ఉంది. మూడో వరసలోంచి వస్తోంది వాసన" అని హడలగొడుతూ ఉన్నారు. మూడో వరసలో ఎవడో ఒకడు లేచి నిలబడేవాడు. ఎవడి మొహం ముందే పాలిపోతే వాడు.

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. ఇది గ్రంథాలయమా, గారడీ ప్రదర్శనా? పిల్లలు వస్తున్నది పుస్తకం కోసమా, ముక్కు కోసమా? పైగా రికార్డులు తిరగేస్తుంటే ఇంకొకటి బయటపడింది. జాబితాలో అరవై ఒక్క పుస్తకాల ఎదురుగా "బైండింగుకి పంపాను" అని రాసి ఉంది. కొన్ని ఆరేళ్ళ కిందట పంపినవి.

"సార్, ఈ బైండింగు పుస్తకాలు ఎప్పుడొస్తాయి?"

"వస్తాయి. బైండింగు గట్టిగా చేస్తున్నారు."

"ఆరేళ్ళుగానా?"

"చాలా గట్టిగా చేస్తున్నారు."

ఆమె ఆ సంఖ్యని నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకుంది. తర్వాత ఆ ముక్కునే పరీక్షించాలని నిర్ణయించుకుంది. అరలోంచి ఒక పిల్లల నవల తీసింది. ఒక ఊరి గడియారాలన్నిటినీ దొంగిలించే దొంగ కథ అది. ఇంటికి తీసుకెళ్ళి, దాన్ని కావాలనే బీరువాలో చీరల మధ్య పెట్టి, మీద అత్తరు చల్లి, ఒక్క పేజీ తిప్పకుండా మూడో రోజున తెచ్చి బల్ల మీద పెట్టింది.

ముక్కు మాస్టారు పుస్తకం తెరిచారు. ముక్కు లోపలికి వెళ్ళింది. కళ్ళు పైన నిలిచాయి. ఆ కళ్ళు తన వైపే చూస్తున్నాయని ఆమె గమనించనే లేదు. ఆమె చూపంతా ఆ ముక్కు మీదే ఉంది.

"ఊఁ," అన్నారాయన. గొంతు తగ్గించి, పక్కనున్న పిల్లలకు వినబడకుండా అన్నారు. "ఇది చదవలేదమ్మాయ్. చదివే తీరికా లేదు నీకు. ఇంట్లో ఎవరో ఆసుపత్రిలో ఉన్నారు. పెద్దవాళ్ళు. నిన్న నువ్వు పడుకున్నది కుర్చీలో."

వాళ్ళమ్మకి కంటి ఆపరేషను అయిన సంగతి బడిలో ఎవరికీ చెప్పలేదు. సెలవడిగితే లెక్క ఆగిపోతుందని పళ్ళ బిగువున నెట్టుకొస్తోంది.

"అ... అత్తరు చల్లాను సార్. వాసన ఎలా తెలిసింది మీకు?"

"అత్తరు వాసన వేరు, ఆసుపత్రి వాసన వేరు," అని ఆయన గంభీరంగా పుస్తకం మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టారు. "తీసుకెళ్ళు. నువ్వు చదవక్కర్లేదు. ఆవిడకి చదివి వినిపించు."

ఆ సాయంత్రం ఆసుపత్రి గదిలో వాళ్ళమ్మ మంచం మీద నల్ల కళ్ళజోడు పెట్టుకుని, ప్రపంచం మీద కోపంతో కూర్చుని ఉంది. రెండు వారాలు కళ్ళకు ఏ పనీ చెప్పకూడదన్నారు డాక్టరుగారు.

"నా ఫోను ఎక్కడ దాచావే?"

"చూడకూడదన్నారమ్మా."

"చూడనే. ఊరికే చేత్తో పట్టుకుంటాను."

"నేను కథ చదువుతాను, విను."

"నేనేమన్నా చంటిపిల్లనా?"

రెండు పేజీలు అయ్యేసరికి చంటిపిల్ల దిండు సర్దుకుంది. మూడో పేజీలో చెయ్యెత్తి ఆపింది.

"ఆగాగు. నువ్వు చదువుతుంటే కరెంటు ఆఫీసు నోటీసు చదివినట్టుంది. అక్కడ మాట్లాడేది దొంగ కదా? దొంగలా చదువు."

"దొంగలా అంటే?"

"నెమ్మదిగా. పక్క మంచం ఆవిడకి వినబడకుండా."

"నాకు వినబడేలాగే చదువమ్మా," అంది పక్క మంచం ఆవిడ.

నర్సు వచ్చి వేళ అయిపోయిందని చెప్పేవరకూ చదివింది. నలభయ్యో పేజీలో దొంగ గడియార స్తంభం ఎక్కి, కిందికి చూస్తే నిచ్చెన లేదు. పుస్తకం మూస్తుంటే వాళ్ళమ్మ కూతురి కొంగు పట్టుకుంది. "నిచ్చెన ఎవరు తీశారో అదొక్కటి చెప్పి వెళ్ళవే."

మర్నాడు బడిలో కంప్యూటర్ టీచర్ తన బల్ల దగ్గర కూర్చుని, లెక్క రాయడం కాసేపు పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టింది. ఆమెకి తెలియని సంగతులు ఆ గదిలో చాలా జరుగుతున్నాయి. ఏడో తరగతి రెండు జడల పిల్ల ఒక పుస్తకం తెచ్చింది. మాస్టారు వాసన చూసి, "దీన్ని మేక నమిలింది! మీ ఇంట్లో మేకలు కూడా చదువుతున్నాయన్నమాట!" అని కేకేశారు. అందరూ పగలబడి నవ్వారు, ఆ పిల్ల కూడా. నవ్వులు సద్దుమణిగాక ఆయన, "ఇదిగో, ఈ గది తాళం సరిగ్గా పడటం లేదు. సాయంత్రం ఆరు దాకా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. నువ్వుంటావా? ఊరికే కూర్చోకు, ఏదైనా చదువుకుంటూ కూర్చో" అన్నారు. తాళం నిక్షేపంలా ఉందని కంప్యూటర్ టీచర్‌కి తెలుసు. పొద్దున్న తనే వేసి చూసింది.

ఇరవై రోజులు గడిచాయి. ఇరవై అయిదు గడిచాయి. పుస్తకాల లెక్క ముప్ఫై ఒకటి దగ్గర ఊగిసలాడుతోంది. నలభై రాలేదు. వచ్చేలా కూడా లేదు.

ముప్ఫయ్యో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు కరస్పాండెంటు గారు వస్తానన్నారు. రెండున్నరకి కంప్యూటర్ టీచర్ నివేదిక చేత్తో పట్టుకుని గ్రంథాలయం వైపు వస్తుంటే, వరండాలోనే గుప్పుమని కొట్టింది. ప్లాస్టిక్కు కాలుతున్న వాసన. అలాంటిలాంటి వాసన కాదు. ఆటస్థలంలో ఉన్న డ్రిల్లు మాస్టారు విజిల్ నోట్లోంచి జారవిడిచారు. వంటగదిలో పిల్లి గోడ దూకింది. రెండో అంతస్తులో లెక్కల పరీక్ష రాస్తున్నవాళ్ళు ముక్కులు మూసుకుని ఒంటి చేత్తో హెచ్చవేతలు చేశారు.

ఆమె పరుగున లోపలికి వెళ్ళింది. పిల్లలంతా ముక్కులు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఛార్జింగు బీరువాలోంచి నల్లటి పొగ తీగలా పైకి లేస్తోంది. దానికి మూరెడు దూరంలో, దానికి వీపు పెట్టి, ముక్కు మాస్టారు ఒక అయిదో తరగతి వాడి పుస్తకంలో ముక్కు పెట్టుకుని నిశ్చింతగా కూర్చుని ఉన్నారు.

"ఊఁ..." అన్నారు తలెత్తి. "చల్లగాలి వాసన! కిటికీ పక్కన కూర్చుని చదివావురా దీన్ని. శభాష్!"

"సార్, లేవండి!" ఆమె ఉరికి మెయిన్ స్విచ్చి కిందికి లాగింది. పిల్లల్ని బయటికి తరిమింది. డ్రిల్లు మాస్టారు బకెట్టుతో ఇసుక తెచ్చి బీరువాలో కుమ్మరించారు, ఆ ఊపులో సగం ముక్కు మాస్టారి మీద కూడా. ఒక వైరు మాడింది. ఇంకేమీ కాలేదు. కిటికీలు బార్లా తీశారు.

అందరూ బయటికి వెళ్ళాక ఆమె ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సార్, మీకు వాసన రాలేదా?"

ఆయన భుజం మీద ఇసుక దులుపుకున్నారు. "ఏం వాసన?"

"పక్క వీధిదాకా కొట్టింది సార్!"

ఆయన పట్టుబడ్డ పిల్లాడిలా నవ్వారు.

"నా ఎనిమిదో ఏట జ్వరం వచ్చిందమ్మాయ్. వెళ్తూ వెళ్తూ అది నా వాసన పట్టుకుపోయింది. అప్పటినుంచి ఈ ముక్కు కళ్ళజోడు నిలబెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు."

"మరి... నాది? ఆసుపత్రి?"

"నీ సంచీకి ఆసుపత్రివాళ్ళ చీటీ అతుక్కుని ఉంది. దాని మీద పెద్దక్షరాలతో 'రోగి సహాయకులు' అని రాసి ఉంది. సహాయకులకి అక్కడ మంచం ఇవ్వరు, కుర్చీయే."

"డ్రిల్లు మాస్టారు?"

"ఆయన చెంప మీద అట్ట అంచు అచ్చు పడి ఉంది."

"అయితే ఈ వాసన చూడటమంతా దేనికి సార్?"

ఆయన బల్ల మీదున్న పుస్తకం తీసి, తెరిచి, మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పైనుంచి కప్ప కళ్ళు ఆమెను చూశాయి.

"ఊరికే ఒక పిల్లాడి మొహంలోకి నిమిషం సేపు చూడు. తల దించేస్తాడు. ఏమైందిరా అని అడుగు. ఏం లేదు సార్ అంటాడు. ఇలా పుస్తకం అడ్డం పెట్టుకున్నాననుకో, వాడు నా ముక్కుని చూస్తూ నిలబడతాడు. నేను వాణ్ణి చూస్తాను. పొద్దున్న తిన్నాడో లేదో తెలుస్తుంది. ఏడ్చాడేమో తెలుస్తుంది. చదివింది వాడికి నచ్చిందో, అర్థంకాక సిగ్గుపడుతున్నాడో తెలుస్తుంది. నిమిషంలో అన్నీ మొహం మీదికి వచ్చేస్తాయి. తెలిసింది పైకి అనకూడదు కదా. మేక నమిలిందనో, తాతయ్య గురకనో ఏదో ఒకటి కేకేస్తాను."

"ఆ రెండు జడల పిల్ల?"

"వాళ్ళింట్లో ఇప్పుడు గొడవలు. ఆరయ్యేదాకా ఇక్కడుంటే ఆ గొడవ సగం తప్పుతుంది. అందుకని తాళానికి జబ్బు చేసింది."

"బైండింగు?"

"బడి మారిపోయే పిల్లలు ఉంటారమ్మాయ్. ఉన్నట్టుండి వెళ్ళిపోతారు. చేతిలో పుస్తకం సగంలో ఉంటుంది. సగంలో ఉన్నదాన్ని ఎలా లాక్కోను?" పుస్తకం దించి మూసేశారు. "ఇక నీ నివేదికలో రాసుకో. ముక్కు అబద్ధం, తాళం అబద్ధం, బైండింగు అబద్ధం. అంకె కూడా నలభై రాలేదు, నాకు తెలుసు. కానీ కుర్చీ మాట మాత్రం నిజం. మోసుకెళ్ళాల్సిందే."

అప్పుడే కారు హారను మోగింది.

కరస్పాండెంటు గారు గుమ్మంలోనే ఆగి మొహం చిట్లించారు. ఆయన వెనకే పిల్లలు కూడా బిలబిల్లాడుతూ లోపలికి వచ్చేశారు.

"ఏమిటీ వాసన?" అని, ముక్కు మాస్టారి వైపు తిరిగారు. పదకొండు నెలల కారు సీటు ఆయన గొంతులో వినబడింది. "మీరే చెప్పాలి. మీకు తెలియని వాసన లేదు కదా!"

ముక్కు మాస్టారు మెల్లగా ఆ ముక్కు పైకెత్తారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. కంప్యూటర్ టీచర్ నోరు తెరవబోయింది. అంతలో వెనకనుంచి రెండు జడల పిల్ల పెద్దగా దగ్గింది.

"సార్, మొన్న మీరు చెప్పారే, ప్లాస్టిక్కు మాడితే ఎలాంటి వాసన వస్తుందో..."

"వైరు ప్లాస్టిక్కు సార్," అని అయిదో తరగతి వాడు అందుకున్నాడు.

"రెండో అరలోదని కూడా అన్నారు కద్సార్," అంది ఇంకో గొంతు.

ముక్కు మాస్టారు గాఢంగా గాలి పీల్చారు. "ప్లాస్టిక్కే. వైరు. రెండో అర."

కరస్పాండెంటు గారు బీరువా తెరిచి చూశారు. రెండో అర. వైరు. ఆయన మొహంలో భక్తి లాంటిదేదో తొంగిచూసి వెంటనే దాక్కుంది. కంప్యూటర్ టీచర్ మాత్రం బీరువాని చూడటం లేదు, పిల్లల్ని చూస్తోంది. ఒక్కడి మొహంలో కూడా ఆశ్చర్యం లేదు.

"సరే, లెక్క చెప్పండి," అన్నారాయన కుర్చీలో కూర్చుంటూ.

"సగటున రోజుకి ముప్ఫై ఒకటి సార్."

"నలభై అనుకున్నాం."

"అవును సార్. ఇంకో లెక్క కూడా ఉంది." ఆమె నివేదిక తెరవలేదు, అంకెలన్నీ నోటికే వచ్చు. "నలభై ట్యాబ్లెట్లు నలభై మందికి ఇచ్చాం. ఎవరెంత చదివారో యంత్రం రాసిపెడుతుంది. నలభైలో ముప్ఫై నలుగురు మూడో పేజీ దాటలేదు. అయిదుగురు ఇరవై దాటారు. ఒక్కరు చివరిదాకా వెళ్ళారు."

"ఎవరది?"

"నేనే సార్," అన్నారు గుమ్మంలోంచి డ్రిల్లు మాస్టారు, ఇసుక బకెట్టుతో. "దాని మీద చెయ్యి పెట్టి నిద్రపోయాను. పేజీలు వాటంతటవే తిరిగిపోయాయి."

"అంటే యంత్రం మంచిది కాదంటారా?"

"చాలా మంచిది సార్. పిల్లలు మూడో పేజీలో ఆగిపోయారని నాకు చెప్పింది. ఎందుకు ఆగారని వాళ్ళని అడగలేదు, అంతే. ఈ గదిలో ఎవరైనా మూడో పేజీలో ఆగితే వాళ్ళని అడిగే మనిషి ఉన్నాడు. ఆయన అడగకుండానే అడుగుతాడు. నా లెక్కలో ఆయన్ని వేయడానికి గడి లేకపోయింది. తప్పు నాదే."

"కానీ మాట అంటే మాట. నలభై అన్నాను."

"నేను కూడా మాటంటే మాటే సార్. పుస్తకాలు ఇక్కడే ఉంటాయి, ట్యాబ్లెట్లు ఇక్కడే ఉంటాయి, మాస్టారూ ఇక్కడే ఉంటారు. స్టోర్ రూములోకి వెళ్ళాల్సింది ఈ కాలిన బీరువా ఒక్కటే. ఇంకో ముప్ఫై రోజులివ్వండి. నలభై రాకపోతే నన్ను కూడా ఆయన కుర్చీతో పాటే మోసుకెళ్ళండి. నేనూ కదలను."

కరస్పాండెంటు గారు ఆమెను చూశారు, కుర్చీని చూశారు, ముక్కుని చూశారు. ఇద్దర్ని మోయడమంటే మాటలు కాదు. లేచి గుమ్మందాకా వెళ్ళి ఆగారు.

"ముప్ఫై రోజులే." గొంతు తగ్గింది. "ఆ పుస్తకం... ఆ మధ్య వాపసు చేసింది. ఉందా?"

"మీ కోసమే పక్కన పెట్టాను సార్," అన్నారు ముక్కు మాస్టారు. "ఈసారి ముందు సీట్లో పెట్టుకోండి."

ఆయన వెళ్ళాక కంప్యూటర్ టీచర్ రెండు జడల పిల్లని పక్కకి పిలిచింది.

"మీకెప్పటినుంచి తెలుసు?"

"ఏంటి టీచర్?"

"నా దగ్గరా నాటకం? సారు ముక్కు సంగతి."

ఆ పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అందరికీ తెలుసు టీచర్. అయిదో తరగతిలోకి రాగానే పై తరగతివాళ్ళు చెబుతారు. నమ్మకపోతే పరీక్ష చేసుకోవచ్చు. మేం పుస్తకంలో ఉల్లిపాయ ముక్కలు పెట్టి ఇచ్చాం. సారు దాంట్లో నిమిషం ముక్కు పెట్టారు. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఏమన్నారో తెలుసా? 'కథ గుండె పిండేస్తోందర్రా' అన్నారు. అది లెక్కల పుస్తకం టీచర్."

నవ్వు ఆపుకోవడానికి కంప్యూటర్ టీచర్ నోటుబుక్కు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

"మరి ఎవరికీ చెప్పరేం?"

"చెబితే సారు వాసన చూడటం మానేస్తారు కదా. అప్పుడు మమ్మల్ని ఎవరు చూస్తారు?" అని, తాళానికి కాపలా ఉండటానికి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి కొత్త పద్ధతి వచ్చింది. కాగితం పుస్తకం చదివినా, ట్యాబ్లెట్లో చదివినా, అది పట్టుకుని వరసలో నిలబడి మాస్టారి ముక్కు ముందు పెట్టాల్సిందే. ఆయన ట్యాబ్లెట్ని మధ్యకి తెరవబోయి, అది తెరుచుకోదని గుర్తొచ్చి, నిలువుగా పట్టుకుని ముక్కు ఆనించేవారు. అద్దం మీద ముక్కు ఆనగానే పేజీ దానంతటదే తిరిగేది. పైన కప్ప కళ్ళు మాత్రం కదిలేవి కావు.

"ఊఁ... ఒరేయ్, నువ్వు నాలుగో పేజీలో ఆగిపోయావు. మధ్యలో ఆటలోకి దూరావు. గెలిచావా?"

"ఓడిపోయాను సార్."

"అయితే అయిదో పేజీ చదువు. అందులోవాడు కూడా ఓడిపోతాడు."

పదో రోజుకి లెక్క నలభై రెండు. పదిహేనో రోజుకి యాభై. కంప్యూటర్ టీచర్ ఆ అంకెల్ని ఎర్ర సిరాతో రాసి గోడకి అంటించింది. బైండింగు జాబితాలోనూ ఒక పుస్తకం పెరిగింది. ఈసారి చేతిరాత ఆమెది.

పదహారో రోజున ఆమె కూడా వరసలో నిలబడి గడియారాల దొంగ పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. ముక్కు లోపలికి వెళ్ళింది. కళ్ళు పైకి వచ్చాయి. ఈసారి ఆమె ముక్కుని చూడలేదు, తిన్నగా ఆ కళ్ళలోకే చూసింది. ఆయన ఒక్క క్షణం తడబడి, అయినా నిమిషం పూర్తి చేశారు.

"ఊఁ. దీన్ని ఇద్దరు చదివారు. కాదు, ముగ్గురు."

"పక్క మంచం ఆవిడ సార్. డిశ్చార్జి చేసినా వెళ్ళనంటే కథ అయ్యేదాకా ఉంచారు."

"మీ అమ్మగారి కళ్ళెలా ఉన్నాయి?"

"బాగున్నాయి. రెండో భాగం తెమ్మంది."

"దీనికి రెండో భాగం లేదమ్మాయ్."

"చెప్పాను సార్. అయితే మీ ముక్కు మాస్టార్నే రాయమను, అబద్ధాలు బాగా చెబుతాట్ట కదా, అంది."

ముక్కు మాస్టారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నిమిషం అయిపోయింది, రెండో నిమిషం కూడా అయిపోయింది. వెనక వరసలో పిల్లలు తొందరపడుతున్నా, ఆయన దాన్ని దించలేదు.